లేక్ అప్లెట్: నీరున్న చోట నిండు మార్కులు

వెబ్ పేజీలోని ఫొటో కింద నీటి అలలు కదిలించే చిన్న జావా ప్రోగ్రాము అయిన లేక్ అప్లెట్‌ను మొదట ముచ్చటకు వాడాను, తరువాత అన్నం పెట్టే పనిలో వాడాను. హనుమకొండలో దుకాణాలకూ కాలేజీలకూ వెబ్ పేజీలు చేసి ఇచ్చే రోజుల్లో, ‘ఆ నీళ్ల బొమ్మ మాకూ పెట్టండి’ అని అడగని వారు అరుదు. తీర్పు ముందే చెప్పేస్తాను. అప్లెట్ చక్కని పనితనం. దాన్ని నడిపించే జావా ఏర్పాటే గుదిబండ.

సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 1995లో జావా అనే ప్రోగ్రామింగ్ భాషను ప్రకటించాక, నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 బ్రౌజర్‌తో అప్లెట్లు అనే ఈ చిన్న ప్రోగ్రాములు పేజీల్లోకి వచ్చాయి. జావా కిట్‌తో వచ్చిన నమూనాల్లో అక్షరాలు గజగజ వణికే నెర్వస్‌టెక్స్ట్ ఒకటి. ఒకసారి చూసి నవ్వుకోవచ్చు, రెండోసారి కళ్లు నొప్పి. లేక్ అలా కాదు, ఎంతసేపు చూసినా విసుగు పుట్టేది కాదు.

కారణం దాని లెక్కలోనే ఉంది. ఫొటోను తలకిందులు చేసి కింద పెడుతుంది. ఆ నీడలో ఒక్కో అడ్డ వరుసను, సైన్ లెక్క (అలలా పెరిగి తగ్గే గణితం) ప్రకారం కాస్త పైనుంచో కిందనుంచో తెచ్చి అతికిస్తుంది. ఒడ్డు దగ్గర ఈ జరుగుడు చాలా తక్కువ, మనవైపు వచ్చేకొద్దీ ఎక్కువ. దూరపు అల చిన్నగా, దగ్గరి అల పెద్దగా కనిపించి కన్ను నమ్మేస్తుంది. ఇలాంటి 12 ఫ్రేములను, అంటే విడి బొమ్మలను, ముందే తయారు చేసుకుని, ఆ తరువాత వాటినే తిప్పి తిప్పి చూపిస్తుంది.

వరుసలు పైకీ కిందికీ మాత్రమే జరుగుతాయి, పక్కలకు జరగవు. దీని ఫలితం వరంగల్ కోట తోరణం ఫొటో పెట్టినప్పుడు బాగా తెలిసింది. నీడలో పైనున్న అడ్డదూలాలు అలల మీద ఊగుతున్నాయి, నిలువు స్తంభాలు మాత్రం బిగదీసుకుని నిలబడ్డాయి. అంతస్తులంతస్తులుగా ఉన్న గోపురానికి అందం వచ్చినట్టు ధ్వజస్తంభానికి రాదు. పైగా తోరణం దగ్గర చెరువెక్కడిది? చూసిన వారు బాగుందన్నారు కానీ నాకు మాత్రం మింగుడు పడలేదు.

భద్రకాళి చెరువు ఫొటోకు అది అతికినట్టు సరిపోయింది. ఒక్క జాగ్రత్త ఉంది. ఫొటోను సరిగ్గా నీటి అంచు దగ్గర కోయాలి. అసలు నీడను కొంచెం వదిలినా, దానికి మళ్లీ నీడ పడి గుడి గాలిలో తేలుతుంది.

కొత్తవాడ జంపఖానాల వ్యాపారి ఒకాయన తన సరుకు ఫొటోకే నీళ్లు కావాలని పట్టుబట్టాడు. ‘తడిసిన జంపఖానా ఎవరు కొంటారండీ’ అన్నాను. ‘కదులుతుంటే చూస్తారు కదా సార్’ అన్నాడు. చిత్రమేమిటంటే, అడ్డచారల జంపఖానా మీద ఆ అలలు ఆడినంత బాగా గుళ్ల మీద కూడా ఆడలేదు.

ఇక కష్టాలు. పేజీ తెరవగానే జావా లేచేదాకా బూడిదరంగు డబ్బా కనిపించేది. డయలప్ మీద అప్లెట్ ఫైలు చిన్నదే, వెంటనే దిగేది. ఆలస్యమంతా జావా నిద్ర లేవడంలోనే. రెండోది మెమరీ. 600×200 ఫొటో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 12 ఫ్రేములకు దాదాపు 5.8 ఎంబీ. 32 ఎంబీ ర్యామ్ ఉన్న నెట్ సెంటర్ కంప్యూటర్‌లో అది చిన్న భారం కాదు. వెడల్పును 300కు, ఎత్తును 100కు తగ్గిస్తే భారం నాలుగో వంతుకు వచ్చేది. నేను ఆ కొలత దాటనిచ్చేవాణ్ణి కాదు.

సర్వర్‌కు ఎక్కించేటప్పుడు మరో రెండు పేచీలు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీని టెక్స్ట్ పద్ధతిలో ఉంచితే అప్లెట్ ఉండే క్లాస్ ఫైలు చెడిపోతుంది, బైనరీలోనే పంపాలి. ఫైలు పేరులో పెద్ద ఎల్ (L), చిన్న ఎల్ (l) తేడా విండోస్ పట్టించుకోదు, యూనిక్స్ సర్వర్ క్షమించదు. ఇంట్లో అలలు, నెట్‌లో బూడిద డబ్బా అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఈ రెండే.

తెలుగు సంగతి వేరే. జావా, అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్ మీద కట్టిందే అయినా, ఒత్తులూ గుణింతాలూ కూర్చి చూపే ఏర్పాటు అప్పటి మన కంప్యూటర్లలో లేదు. పాకే అక్షరాల అప్లెట్లు అందుకే మనకు దక్కలేదు. లేక్‌కు ఆ బాధ లేదు. డీటీపీలో దుకాణం పేరు అందంగా కూర్చి, గిఫ్ బొమ్మగా చేసి ఇస్తే చాలు, తెలుగు అక్షరాల నీడ ఇంచక్కా ఊగేది.

ఫాబియో చుచ్చి (Fabio Ciucci) అనే ప్రోగ్రామర్ రాసిన ఆన్ఫీ అప్లెట్లు కూడా వాడాను. రకాలు ఎక్కువ, హంగు ఎక్కువ. పేజీలో రచయిత పేరు చెప్పే పరామితి వాక్యం ఉంటే తప్ప అవి నడిచేవి కావు. అది న్యాయమే. అయినా ఒక్క నీటి కోసమైతే నేను లేక్‌నే ఎంచుకునేవాణ్ణి.

క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో, బ్రౌజర్‌లో అప్లెట్లను నడిపే జావా ప్లగిన్‌కు తలుపులు మూశాయి. 2018లో వచ్చిన జావా 11లో ప్లగిన్‌తో పాటు, బ్రౌజర్ లేకుండా అప్లెట్లను చూపే అప్లెట్‌వ్యూయర్ కూడా పోయింది. పాత పేజీ చూడాలంటే జావా 8 కిట్‌లోని అప్లెట్‌వ్యూయర్ నాకు ఇప్పటికీ పనిచేస్తోంది. కొత్త పేజీకైతే లేక్ అప్లెట్‌ను లేపాలని చూడకండి. ఫొటో తీసుకుని, బ్రౌజర్‌లో బొమ్మలు గీసే కాన్వాస్ మీద ఒక్కో వరుసను అదే సైన్ లెక్కతో జరిపితే పట్టుమని ముప్పై పంక్తుల్లో పని అయిపోతుంది. అలను కొంచెం పక్కలకూ జరపండి, తోరణం స్తంభాలు కూడా కదులుతాయి.