ఆఫ్రికా జంతువుల కార్డుల సెట్: కొనండి, కానీ రెండు కార్డులు పక్కన పెట్టేయండి

ద్వారకానగర్‌లో ఓ పుస్తకాల షాపులో తీసుకున్నాను, 349 రూపాయలు. మా అక్క కూతురు మూడో తరగతి, దానికోసం. మామూలుగా పిల్లల జంతువుల కార్డులంటే ముందు బొమ్మ, వెనక పేరు, బరువు, ఎంత స్పీడుగా పరిగెడుతుంది, అంతే కదా. ఇందులో ఎండ, కరువు, నీళ్లు లేని చోటు అని విడగొట్టి, ఒక్కో జంతువు అక్కడ ఎలా బతికి బట్టకడుతోందో వెనకవైపు ఏడెనిమిది లైన్లలో చెప్పారు. మనం డబ్బులు పెట్టేది ఆ వెనకవైపు కోసమే.

ఓరిక్స్ కార్డు చూడండి. పొడవాటి కొమ్ములు, జింకలా ఉంటుంది, ఆఫ్రికా ఎడారుల్లో తిరుగుతుంది. చెమట పట్టాలంటే ఒంట్లో నీళ్లు ఖర్చవ్వాలి, ఆ నీళ్లే అక్కడ దొరకవు. అందుకని అది చెమటను వాయిదా వేసి ఒంటి వేడినే పెరగనిస్తుంది, 45 డిగ్రీల దాకా వెళ్లినా తట్టుకుంటుంది. అంటే మన థర్మామీటర్ లెక్కలో 113. ఇంట్లో ఎవరికైనా 104 వస్తేనే మనకి టెన్షన్! మెదడుకి వెళ్లే రక్తం మాత్రం సన్నటి నాళాల గుంపులోంచి పోతుంది, ముక్కు దగ్గర చల్లబడి తిరిగొచ్చే రక్తం దాని పక్కనుంచే వెళ్తుంది కాబట్టి అక్కడ కాస్త వేడి తగ్గుతుంది. ఇదంతా తలను అడ్డంగా కోసినట్టు బొమ్మ వేసి చూపించారు, చాలా బాగుంది. ఇది చదువుతుంటే మన వైజాగ్ మే నెల గురించే ఆలోచించాను. ఇక్కడ నీళ్లకి కొదవ లేదు, చెమటకీ లేదు, కానీ గాలిలో తేమకి అది ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఎడారిలో ఇట్టే ఆరిపోతుంది, పోయిన నీళ్లే మళ్లీ రావు.

పిల్లకి బాగా నచ్చింది మాత్రం శాండ్‌గ్రౌజ్ పిట్ట. మగపిట్ట ఎక్కడో దూరంగా ఉన్న నీటిగుంటకి ఎగిరి వెళ్లి, పొట్ట మునిగేలా కూర్చుని ఒళ్లు ఆడిస్తుంది, పొట్ట మీది ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి. గూటికొచ్చాక పిల్లలు ఆ ఈకల్లోంచే తాగుతాయి. దాదాపు 25 మిల్లీలీటర్లు మోయగలదు. మావాడి దగ్గు సిరప్ మూతతో కొలిచి, గ్లాసులో పోసుకుని, "ఇంతేనా మావయ్యా?" అంది. ఇంతే.

పొగమంచు వచ్చినప్పుడు తల కిందికి పెట్టి నిలబడి, వీపు మీద చేరిన నీటిబొట్లు నోట్లోకి జారేలా చేసుకునే నమీబ్ ఎడారి పురుగు, చెరువు ఎండితే బురదలో గూడు కట్టుకుని వానొచ్చేదాకా ముడుచుకుని పడుకునే ఊపిరితిత్తుల చేప, ఇవీ ఉన్నాయి. పెద్ద చెవులతో ఒంటి వేడిని బయటికి పంపే ఫెన్నెక్ నక్క కూడా.

ఇక తప్పులు. సెట్‌లో పులి ఉంది! "ఏటి మావయ్యా, పులి ఇందులో ఎందుకుంది?" అని పిల్లే పట్టుకుంది. అడవి పులులు ఆసియాలోవి, ఆఫ్రికాలో లేవు, మూడో తరగతి పిల్లకి తెలిసింది అచ్చేసినవాళ్లకి తెలియలేదా? రెండోది ఒంటె. రెండు మూపురాల ఒంటె బొమ్మ వేసి, మూపురంలో నీళ్లు దాచుకుంటుందని రాశారు. ఆఫ్రికా ఒంటెకి ఒకటే మూపురం, అందులో ఉండేది కొవ్వు. ఆ మాటకొస్తే అక్కడి ఒంటెలు అడవి జంతువులే కావు, పెంపుడువి. అసలు సంగతి రాసి ఉంటే ఎంత బాగుండేది: దాని ఎర్ర రక్తకణాలు గుండ్రంగా కాకుండా కోలగా ఉంటాయి, అందుకే దాహం మీద ఒక్కసారిగా వంద లీటర్లు తాగేసినా అవి పగలవు.

మార్చమని షాపుకి వెళ్తే "సీలు తీశాక మార్చం అండీ" అన్నారు, మర్యాదగానే. కొత్త ప్రింట్‌లో సరిచేస్తారట, ఎప్పుడొస్తుందంటే జవాబు లేదు. లామినేషన్ కూడా సముద్రపు గాలికి అప్పుడే మూలల్లో లేస్తోంది, అక్షరాలు మరీ చిన్నవి, మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని కూడా చదవలేకపోయింది.

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకైతే తీసుకోవచ్చు. డబ్బా వెనక అన్ని బొమ్మలూ చిన్నచిన్నగా అచ్చేసి ఉంటాయి, బిల్లు కట్టకముందే అక్కడ పులి ఉందేమో చూసుకోండి, ఉంటే అది పాత ప్రింటే. నావైపు నుంచి ఐదుకి మూడున్నర.