నైట్ డ్యూటీ నర్సుకి బ్లాకౌట్ కర్టెన్లు: రెండున్నరేళ్ల తర్వాత

పెదవాల్తేరులో మాది మూడో అంతస్తు, పడకగది కిటికీ తూర్పుకి. జూన్‌లో అయిదున్నర కాకముందే విశాఖలో సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కి, పొద్దున్న ఎనిమిదికి దిగి, ఆ కిటికీ పక్కన పడుకోవాలి నేను. పాత దుప్పటి కట్టాను, కళ్లకి చున్నీ చుట్టుకున్నాను. మూడు గంటలు నిద్ర పడితే అదే గొప్ప.

వెలుగుని లోపలికి రానివ్వని బ్లాకౌట్ కర్టెన్లు వేసిన మొదటి రోజు, తొమ్మిదింటికి, గదిలో నా చెయ్యి నాకే కనబడలేదు. మెలకువ వచ్చి చూస్తే మధ్యాహ్నం రెండు. నిజంగా ఏడుపొచ్చింది. "పట్టపగలు ఇల్లు చీకటి చేస్తే లక్ష్మీదేవి ఎటు నుంచి వస్తుందమ్మా" అని అత్తయ్యగారు బాధపడ్డారు. అయినా తీయలేదు. ఆ వారం వార్డులో ప్రతి సిస్టర్‌కీ కొనుక్కోమనే చెప్పాను.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. మొదటి జత లోపలి పూత ఏడాది ఉతుకుళ్లకి పగిలి, చుక్కలు చుక్కలుగా వెలుగు దిగింది. రెండోసారి మధ్యలో నల్లదారం నేసిన గుడ్డ తీసుకున్నాను, అది బాగుంది. రాడ్డు పైనుంచి సీలింగ్ మీద పడే వెలుగుకి మాత్రం గోడకి వెల్క్రో అంటించుకోవాల్సి వచ్చింది.

ఎంత చీకటి ఉన్నా కొన్ని రోజులు పన్నెండింటికే మెలకువ వచ్చేది. అది కర్టెన్ తప్పు కాదు. 1729లో ఫ్రాన్స్‌లో డి మైరాన్ అనే శాస్త్రవేత్త అత్తిపత్తి మొక్కని చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా దాని ఆకులు పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకున్నాయి. మన ఒంట్లోనూ అలాంటి గడియారమే ఉంది, మెదడులో, కంటి నరాలు కలిసే చోటుకి కాస్త పైన. పొద్దెక్కే కొద్దీ ఒంటి వేడి పెరుగుతుంది, ఇక లెమ్మంటుంది. చీకటి దాన్ని ఆపలేదు.

అసలు దెబ్బ గత డిసెంబరులో తగిలింది. ఏడు నైట్లు అయ్యాక రెండు రోజులు ఆఫ్. హాయిగా పడుకుందామని కర్టెన్లు మూసే ఉంచాను. మొదటి రోజు లేచేసరికి పదకొండు. ఆ రాత్రి మూడు దాకా కన్ను మూతపడలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎనిమిదికి మార్నింగ్ డ్యూటీ. మందుల ట్రాలీ దగ్గర నిలబడి ఇన్సులిన్ వయల్ మీద పేరు మూడుసార్లు చదివాను, బుర్రకెక్కలేదు. చేతులు చల్లబడ్డాయి. పక్క సిస్టర్‌ని పిలిచి ఆవిడ చూశాకే సిరంజిలోకి తీశాను. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ భయమే.

మనిషి ఒంట్లోని గడియారం ఒక చుట్టు తిరగడానికి 24 గంటల కంటే కాస్త ఎక్కువ తీసుకుంటుంది. దాన్ని రోజూ ముందుకి జరిపి సరిచేసేది పొద్దుటి వెలుగు. కంటి వెనక పొరలో నీలి వెలుగుకి స్పందించే కణాలు ఆ కబురు మెదడుకి చేరవేస్తాయి, రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్ తగ్గిపోతుంది. మబ్బు పట్టిన రోజైనా ఆరుబయట ఉండే వెలుతురు ఇంట్లో ట్యూబ్‌లైటుకి ఎన్నో రెట్లు. నేను ఆఫ్ రోజుల్లో కూడా ఆ కబురు అందకుండా అడ్డం కట్టేశాను.

ఇప్పుడు ఆఫ్ రోజుల్లో ఏడుకే కర్టెన్ తీసేసి, బీచ్ రోడ్డు దాకా నడిచి వస్తున్నాను. నైట్ దిగిన రోజు మాత్రం దారిలో ఎండ పడకుండా నల్లకళ్లద్దాలు పెట్టుకుంటున్నాను. నిద్రమత్తులో అవి పెట్టుకుని బండి నడపకూడదని స్కూటీ మానేసి ఆటోలో వస్తున్నాను. కర్టెన్ ఒక్కటే ఉన్నప్పటి కంటే ఇలా నిద్ర త్వరగా పడుతోంది.

మే నెలలో ఇంకో చిక్కు. కిటికీ మూస్తే గాలి ఆడదు, ఏసీ లేకపోతే ఆ గదిలో ఉండలేం. కరెంటు బిల్లు మాకు పెరిగింది. నాలా షిఫ్టులు మారుతూ, తూర్పు కిటికీ ఉంటే కొనండి. పగటి ఉద్యోగమైతే నాకు అవసరం అనిపించదు. అత్తయ్యగారు పాప గదికీ ఒక జత వేయమంటున్నారు. వద్దన్నాను. స్కూలుకి దాన్ని లేపేది ఆ ఎండే.