మోకాలి వాపున్న మా పాపకి సమ్మర్ స్విమ్మింగ్ క్యాంప్: 5కి మూడున్నర

మా పాపకి తొమ్మిదేళ్లు. జువెనైల్ ఆర్థరైటిస్ అని తేలి రెండేళ్లయింది. పిల్లలకి కీళ్లవాతమేంటి, అది ముసలాళ్ల జబ్బు కదా అని మా అత్తగారితో సహా అందరూ అడిగినవాళ్లే. 16 ఏళ్లలోపు మొదలై, ఆరు వారాలైనా కీలు వాపు తగ్గక, వేరే కారణమేదీ దొరక్కపోతే ఇదేనంటారని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. మా పాపకి వాచేవి కుడి మోకాలు, ఎడమ మణికట్టు. మార్చిలో చెకప్‌కి వెళ్తే డాక్టరుగారు టేపు పెట్టి కొలిచారు, కుడి తొడ ఎడమదాని కన్నా సెంటీమీటరున్నర సన్నం. నొప్పి అని నేను కూర్చోబెట్టిన పాపమే అది. "మందులు పనిచేస్తున్నాయి, ఇక కదిలించండమ్మా, ఈత మంచిది" అన్నారు. అలా విజయవాడలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న పూల్‌లో వేసవి క్యాంప్‌కి చేర్పించాను. 21 రోజులు, 3,500 రూపాయలు. పూల్ పేరు రాయను, తిట్టేవి కూడా ఉన్నాయి కాబట్టి.

ముందు తిట్లే. ఫారంలో "ఆరోగ్య సమస్యలు" అన్న గడిలో ఉన్నది ఉన్నట్టు రాశాను. అంతే, కౌంటర్‌లో ఆయన పెన్ను పక్కన పెట్టేసి "రిస్క్ మాకెందుకు మేడం, పాపని ఇంట్లో రెస్ట్ తీసుకోమనండి" అన్నాడు. డాక్టరు చీటీ చూపించినా వినలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని, వైకల్యం ఉన్న పిల్లలకీ అదే లెక్కని రాసింది. అది ఫోన్‌లో చూపిస్తే "మా మేనేజర్‌ని అడగాలి". మూడు రోజులు తిప్పి, ఏం జరిగినా మాదే బాధ్యత అని సంతకం పెట్టించుకుని తీసుకున్నారు. ఆ గడి ఖాళీగా వదిలేసినవాళ్లకి ఐదు నిమిషాల్లో అడ్మిషన్ ఇస్తున్నారు, అది వేరే విషయం.

రెండోది టైమింగ్. పిల్లల బ్యాచ్ పొద్దున ఆరింటికి. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, మా పాపకి మంచం దిగాక ముప్పావుగంట పడుతుంది మామూలుగా నడవడానికి. మొదటి రోజు నీళ్లలో దిగి పళ్లు టకటకలాడించుకుంటూ గోడ పట్టుకుని నిలబడిపోయింది. చంటిపిల్లల స్నానం నీళ్లకి వాడే థర్మామీటరు తీసుకెళ్లి చూశాను, 28 డిగ్రీలు. ఫిజియోథెరపీ కోసం కట్టే పూల్స్‌లో 33 పైనే ఉంచుతారు. గొడవపడి సాయంత్రం ఐదున్నర బ్యాచ్‌కి మార్పించాను. పెద్దవాళ్ల బ్యాచ్ అది, రద్దీ, అరుపులు, కానీ మన బెజవాడ ఎండ ఉచితంగా కాచిపెట్టిన నీళ్లు, లోతు తక్కువ ఉన్న వైపు 31 చూపించింది. పైగా ఈ జబ్బుకి పాప వాడే మెథోట్రెక్సేట్ అనే మందుతో చర్మం ఎండకి తొందరగా కందుతుంది కాబట్టి ఎండ దిగాక వెళ్లడమే నయం.

ఇక కోచ్. మూడున్నర స్టార్లలో మూడు ఆయనవే. ఈ జబ్బు పేరు ఆయన అంతకుముందు విని ఉండడు, అయినా రోజూ గట్టు మీద గొంతుక్కూర్చుని "ఏమ్మా, ఇవాళ ఏది మాట వినట్లేదు, మోకాలా, చెయ్యా?" అని అడిగేవాడు. మణికట్టు అంటే కిక్‌బోర్డు (ఈత నేర్చుకునేటప్పుడు పట్టుకునే తేలే పలక) అంచు పట్టుకోనివ్వకుండా మోచేతుల దాకా దాని మీద వాల్చుకోమనేవాడు. మోకాలు అంటే కాళ్లు ఆపించి గోడ పక్కన నీళ్లలో నడిపించేవాడు. కప్ప ఈత మాత్రం వద్దన్నాను, ఆ తన్నుడులో మోకాలు పక్కకి మెలిపడుతుంది. "సరే మేడం, ఫ్రీస్టైల్ చాలు" అన్నాడు, నాకెందుకు చెప్తారని ముఖం పెట్టలేదు. స్కూల్లో పీటీ పీరియడ్ మొత్తం మెట్ల మీద కూర్చుని అందరి వాటర్ బాటిళ్లకి కాపలా కాసే పిల్ల, పదిహేనో రోజున పూల్ అడ్డం ఈది వచ్చి "అమ్మా, చూశావా" అనకుండా నేరుగా కోచ్ దగ్గరికే వెళ్లింది. కొంచెం కుళ్లుకున్నాను.

మధ్యలో ఒకసారి మోకాలు ఉబ్బింది. ఈత వల్లే అని ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. డాక్టరుగారు చూసి జబ్బు పైకి లేచింది, ఈతకి దీనికి సంబంధం లేదని చెప్పి, వాపు దిగేదాకా దూకడాలు మాన్పించి, కీలు మెల్లగా వంచి చాపడం మాత్రం మానొద్దన్నారు. ఐదు రోజుల క్లాసు పోయింది. ఆ రోజులు కలపమంటే కౌంటర్ మనిషి కుదరదన్నాడు.

అర స్టార్ నీళ్ల శుభ్రానికి. క్లోరిన్ మాత్రం ఘాటు, గాగుల్స్ లేకుండా దింపకండి. అది కాక, ఈ జబ్బు వల్లే పిల్లలకి కంటి లోపల వాపు రావచ్చు, అదీ కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండా. కాబట్టి కళ్లు తెల్లగానే ఉన్నాయి కదా అని డాక్టరు చెప్పిన స్లిట్ ల్యాంప్ పరీక్ష (సన్నటి వెలుగు వేసి కంటి లోపల చూసేది) వాయిదా వేయకండి, మా పాపకి మూడు నెలలకోసారి చేస్తారు.

పోయిన ఒకటిన్నరలో ఒకటి కౌంటర్‌కి, అర నిచ్చెనకి. పూల్‌లో దిగడానికి మెట్లు లేవు, నిలువు ఇనుప నిచ్చెన. మణికట్టుతో పట్టుకుని, మోకాలు మడిచి ఎక్కాలి, అలిసిపోయాక. చివరి రోజు దాకా కోచే చంకల కింద పట్టుకుని పైకి లేపేవాడు, ఆయన సెలవు పెట్టిన రోజు నేను చీరతోనే నడుం లోతు నీళ్లలో దిగాను. రెండు మెట్లు, పట్టుకోడానికి ఒక కమ్మీ కట్టించమని రిజిస్టర్‌లో రాసి వచ్చాను. జూన్ బ్యాచ్‌కి కూడా డబ్బు కట్టేశాను, సాయంత్రందే. వెళ్లేవాళ్లు రబ్బరు చెప్పులు తీసుకెళ్లండి, గట్టు టైల్స్ జారతాయి. టోపీ వాళ్ల దగ్గర కొనకండి, 150 చెప్తారు, బీసెంట్ రోడ్డులో 80కే ఇచ్చాడు.