మిర్యాలగూడ సాగర్ రోడ్డుల బోర్డు లేని కమాన్ షాపు: ఎడమకు ఒరిగిన మా పికప్ సంగతి

ఈ షాపుకు పేరు లేదు. సాగర్ రోడ్డు మీద రేకుల షెడ్డు, ముంగట తుప్పు పట్టిన కమాన్ (బండి బరువు మోసే వంపు ఇనుప పట్టాల కట్ట, లీఫ్ స్ప్రింగ్) పట్టాల కుప్ప, పక్కన ఎప్పుడు చూసినా జాకీల మీద లేచి ఉన్న బియ్యం లారీ. అదే గుర్తు. రైస్ మిల్లుల ఊరు కాబట్టి మిర్యాలగూడల కమాన్ పని చేసేటోళ్లకు కొదవ లేదు గని, పికప్ లాంటి చిన్న బండిని కూడ పట్టించుకొని చూసేటోళ్లు తక్కువ. నేను ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్న. ఐదోది ఎందుకు ఆపిన్నో కింద రాస్త.

మాది హాలియాల టెంట్ హౌస్. పికప్ మీద షామియానాలు, పైపులు, కుర్చీలు, వంట గిన్నెలు, జనరేటర్ పోతయి. పెండ్లిళ్ల సీజన్ల బండి ఎడమ దిక్కు ఒరుగుడు మొదలయింది. లోడ్ ఉంటేనే కాదు, ఖాళీగ ఉన్నా ఒరుగుడే. వేరే ఊర్ల ఒక మెకానిక్‌కు చూపిస్తే, బండి కింద తల పెట్టకుండనే షాకప్సర్లు (షాక్ అబ్జార్బర్లు) పోయినయన్నడు, వెనక జత మార్చిండు. గుంతలల్ల ఎగురుడు తగ్గింది, ఒరుగుడు మాత్రం అట్లనే ఉంది. ఇంక మూఢాలు రాంగనే, పెండ్లిళ్లు లేని టైం చూసుకొని, నిడమనూరు మీదికెల్లి మిర్యాలగూడ పోయిన.

మిస్త్రీ పెద్దమనిషి, అందరు చాచా అంటరు. షాకప్సర్ల కథ చెప్పంగనే నవ్విండు. "బరువు మోసేది కమాను బేటా. షాకప్ ఊగుడును ఆపుతది, అంతే." ఎడమ షాకప్సర్ కింది బోల్టు విప్పి పక్కకు జరిపి చూపిచ్చిండు. బండి ఎత్తు కొంచెం కూడ మారలేదు. నా పైసలు ఎటు పోయినయో ఆ ఒక్క బోల్టుతోనే అర్థమయింది.

ఆ తర్వాత పానా ముట్టుకోలేదు. షెడ్డు ముంగట బండి పెట్టనియ్యలేదు. రోడ్డు అంచు మోరీ దిక్కు వాలు ఉంటది కదా, అక్కడ ఏ బండి పెట్టినా ఎడమకు ఒరిగినట్టే కనబడతది. పక్కనున్న ధర్మకాంటా (లారీలు తూచే కాంటా) అడిగి, దాని మీద నిలబెట్టిచ్చిండు. కాంటా చదునుగ ఉంటది అని నాకు ఎన్నడు తట్టలే. బండిల ఉన్న తాళ్లు, గునపాలు, జాకీ అన్ని దించిచ్చి, నాలుగు టైర్లకు గాలి చూసి, వెనక రెండు టైర్లు ఒకటే సైజా, ఒకటే తీరుగ అరిగినయా అని చూసిండు. ఒకటి కొత్తది, ఒకటి బోడిది ఉన్నా బండి వాలుతదట.

అప్పుడు టేపు తీసిండు. నేలకెల్లి కాదు, చక్రం నడిమి పాయింటు నుంచి నిటారుగ పైకి మడ్‌గార్డ్ అంచు దాక. అట్ల కొలిస్తే టైరు తేడా లెక్కలకు రాదు. వెనక ఎడమ దిక్కు 4 సెంటీమీటర్లు తక్కువ, ముందట ఎడమ దిక్కు 1.5 తక్కువ. నేనైతే రెండు కమాన్లు పోయినయనుకున్న. ఆయన అనుకోలె. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఇరుసు) నడుమ ఉన్న గుండ్రటి భాగం కింద ఒకటే జాకీ వేసి లేపిండు. వెనక రెండు చక్రాలు గాలిల లేచినయి. మళ్ల ముందట కొలిస్తే రెండు దిక్కుల సమానం! నడుమ ఒక్క పాయింటు మీద నిలబడితే వెనక కమాన్లు బండిని ఏ పక్కకు వంచలేవు, ముందటి కమాన్లు ఎట్ల నిలబెడితే అట్లనే నిలబడతది. అది సక్కగ నిలబడ్డదంటే ముందట ఏం లేదు, రోగం మొత్తం వెనకనే. ముందట కనబడ్డ 1.5 వెనక నుంచి వచ్చిందే. నేను అనుకున్నట్టు చేసి ఉంటే ముందు జత, వెనక జత కలిపి నాలుగు కమాన్లు విప్పి ఎక్కువ బిల్లు చెయ్యొచ్చు, చెయ్యలేదు.

స్టాండ్లు పెట్టినంకనే కిందికి దూరిండు. ఎడమ పట్టాలను డీజిల్‌తోని కడిగి తీగ బ్రష్‌తోని రుద్దితే మూడో పట్టా సెంటర్ బోల్టుకు (పట్టాలన్నిటిని నడుమ కలిపి పట్టే బోల్టు) దగ్గర్ల విరిగి ఉంది. విరిగిన చోట సగం తుప్పు రంగు, సగం మెరుపు. అంటే పగులు ఎప్పటిదో, పూర్తిగ విరిగింది మొన్నమొన్న. పైనున్న మెయిన్ పట్టా బాగుంది కాబట్టి కట్ట విడిపోకుండ ఒక్కటిగనే కనబడ్డది, పైకెల్లి చూస్తే ఎవ్వరికీ తెల్వదు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాక రెండు పక్కల దూరం కూడ కొలిచిండు. సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ వెనకకు జరిగి బండి అడ్డంగ నడుస్తదంట. మాది జరగలే.

బండి లోపల నేల మీద గీతలు చూసి "జనరేటర్ ఎప్పుడు ఎడమకేనా?" అని అడిగిండు. అవును, ఎడమకే. రోడ్డు పక్క దించాలంటే అదే దిక్కు. నడుమ పెట్టుమన్నడు. నడుమ పెడితే కుర్చీల వరుస పట్టదు, ఆయనకు చెప్పిన, ఆయన ఒప్పుకోలే. ఈ ఒక్క ముచ్చటల ఇప్పటికీ నేను ఆయన మాటకు ఒప్పుకోను. పైపులు, గిన్నెలు కుడికి వేసి సరిజేసుకుంటున్న.

ఎడమదొక్కటే చెయ్యిమన్న. వినలే. ఒక పక్క కొత్త బలం, ఒక పక్క పాత పట్టాలు ఉంటే రేపు కుడికి ఒరుగుతదని రెండు కట్టలు విప్పిండు. విరిగిన దానికి అదే వెడల్పు, అదే మందం పట్టా వేసి, తక్కినయి సుత్తెతోని చల్లగనే కొట్టి వంపు తెచ్చిండు. గ్యాస్‌తోని కాల్చి వంచితే తొందరగ అయితది గని పట్టా పదును పోయి మళ్ల కూసుంటది. కమానును యాక్సిల్‌కు కట్టి పట్టే యూ బోల్టులు కొత్తయి వేసి, చివరి బిగింపు బండిని నేల మీదికి దించి బరువు పడ్డంకనే చేసిండు. కమాన్ కొసలల్ల ఉండే బుష్‌లు కూడ మారినయి. ఇంకో పట్టా ఎక్కువ వెయ్యమంటే, "ఆర్‌సీల రాసిన బరువు పట్టా వేస్తే పెరగదు, దెబ్బ ఛాసిస్ మీదికి పోతది" అన్నడు. మొత్తం 6,500 అయింది.

ఇప్పుడు తేడా అర సెంటీమీటర్ ఉంది. డీజిల్ ట్యాంకు ఉన్న పక్క అంత ఉంటదని, దాని జోలికి పోవద్దన్నడు. కొన్ని లోడ్లు తోలినంక యూ బోల్టులు మళ్ల బిగియ్యడానికి పైసలు తీసుకోలె.

ఇంక ఐదో నక్షత్రం. లారీ వస్తే మన బండి పక్కకు పోతది, నాది పొద్దున ఇస్తే చీకటి పడ్డంక చేతికొచ్చింది. కూసోను స్టూలు కూడ లేదు. ఫోన్ ఎత్తరు. లెక్క అట్ట ముక్క మీద రాసిస్తరు, పక్కా బిల్లు కావాల్సినోళ్లకు కష్టం. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తరు, తెలుసుకొని పోండి. పోయే ముందు బండి పూర్తిగ ఖాళీ చేసుకోండి, లోడ్ ఉంటే ఆయన టేపు కూడ తియ్యడు.