మళ్ళీ పోటీకి దిగే స్కూల్ బోర్డు సభ్యుడు: బిల్డింగులా, టీచర్ల జీతాలా?

కాలిఫోర్నియాలో స్థానిక ప్రభుత్వ బడుల్ని నడిపే స్కూల్ బోర్డుకి రెండోసారి నిలబడేవాళ్ళకి ఈ టెన్షన్ మామూలే. కారే పైకప్పులు బాగుచేయిస్తానని ఓటు అడగాలా, టీచర్ల జీతాలు పెంచుతానని అడగాలా?

డబ్బు: బిల్డింగులకి బాండ్లున్నాయి, అంటే ఓటర్ల అనుమతితో డిస్ట్రిక్టు తెచ్చే అప్పు. 2000లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 39 అనే చట్టం కింద 55 శాతం ఓట్లు పడితే చాలు. జీతాలకి స్థానికంగా అదనపు సొమ్ము కావాలంటే పార్సిల్ ట్యాక్స్, అంటే ఒక్కో స్థలం మీద వేసే పన్ను. బోర్డు దాన్ని ఓటుకి పెడితే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

అసలు చిక్కు ఇంకోటుంది. ఆ బాండ్ల సొమ్ములో ఒక్క డాలరు కూడా టీచర్ల జీతాలకి వాడకూడదు. కొత్త జిమ్ముకి రిబ్బన్ కట్ చేస్తుంటే, "దీనికుంది గానీ మా అబ్బాయి లెక్కల టీచరుకి ఇవ్వడానికి డబ్బు లేదా?" అని ఓ తల్లి నిలదీస్తుంది. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేని అభ్యర్థి ఆ ఓటు మర్చిపోవచ్చు.

శ్రమ: బాండుకి ఖర్చులు చూసే పౌరుల కమిటీ వేయాలి. జీతాలకి యూనియన్‌తో బేరం, అది నెలల తరబడి సాగుతుంది.

రిస్క్: బిల్డింగు పని ఆలస్యమైతే తిట్లు పడతాయి. పెంచిన జీతం మాత్రం ఏటా ఇవ్వాల్సిందే. హాజరు తగ్గితే రాష్ట్ర నిధులూ తగ్గుతాయి, అప్పుడు కోత ఎవరికి పెడతారు?

వానొస్తే క్లాసులో బకెట్లు పెట్టే పరిస్థితి ఉంటే బిల్డింగులే ముందు. టీచర్లు పక్క డిస్ట్రిక్టుకి వెళ్ళిపోతూ, పిల్లల సంఖ్య నిలకడగా ఉంటే నా ఓటు జీతాలకే.