డబ్బా క్రెసెంట్ డోతో హాట్‌డాగ్ రోల్స్: రెండేళ్లకు పైగా వాడాక

క్రెసెంట్ డో అంటే త్రికోణాలుగా కోసి డబ్బాలో వచ్చే తయారు మైదా పిండి, హాట్‌డాగ్ అనే మెత్తటి సాసేజ్‌కి చుట్టి ఓవెన్లో కాలుస్తాం. దాని మీద నాకున్న కోపమంతా ఒక్క చోటే ఉంది: లోపలి పొర. పైన బంగారు రంగు, కరకరలాడే అంచులు, ఇల్లంతా బేకరీ వాసన. కొరికి చూస్తే హాట్‌డాగ్‌ని ఆనుకున్న చోట మాత్రం తెల్లగా, జిగురుగా, ఉడికీ ఉడకని పిండి. డాలస్ శివార్లలో మా ఇంట్లో రెండేళ్లకు పైగా వారం మధ్య రాత్రి భోజనంగా ఇదే నడుస్తోంది కాబట్టి ఆ పొర గురించే ఎక్కువ రాస్తాను. త్రికోణాలు ఎలా విడదీయాలి, ఎలా చుట్టాలి అన్నది డబ్బా మీదే ఉంటుంది. ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లకి అది నేను చెప్పక్కర్లేదు.

మా ఆవిడది ఆసుపత్రి ఉద్యోగం. తనకి సాయంత్రం షిఫ్టు పడిన రోజుల్లో వంట నాది. పెద్దదాని ఈత, చిన్నవాడి లెక్కల క్లాసు ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. కుక్కర్ పెట్టేస్తే గొడవ ఉండదు కదా అంటుంది అమ్మ ఫోన్లో. కుక్కర్‌తో గొడవేం లేదు, ఆ పప్పన్నం ముందు గంటసేపు కూర్చునే చిన్నవాడితోనే. ఈ రోల్స్ అయితే పిల్లలే చుట్టుకుంటారు, పిల్లలే అడిగి తింటారు. ఇరవై నిమిషాల్లో అయిపోతుందని మొదట్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. ఓవెన్ 375 డిగ్రీల ఫారన్‌హీట్‌కి వేడెక్కే సమయం ఆ లెక్కలో లేదు. అదీ, చల్లారేదాకా ఆగడమూ కలిపితే ముప్పావుగంటకి కాస్త తక్కువ. కాకపోతే అందులో నా చేతికి పని పది నిమిషాలే, మిగతా సేపట్లో స్నానాలయిపోతాయి.

ఆ డబ్బా చప్పుడంటే పిల్లలకి ప్రాణం. పైకాగితం ఒలిచి అతుకు మీద చెంచాతో నొక్కితే ఫట్‌మని విచ్చుకుంటుంది. పిండిలో కలిపిన సోడాలాంటివి పుట్టించే వాయువు లోపల ఒత్తిడిగా నిండి ఉంటుంది మరి. 1931లోనే లూయివిల్‌లో లైవ్లీ విలబీ అనే ఆయన పేటెంటు తీసుకున్న ఉపాయమది. చెంచా ఎవరు పట్టుకోవాలన్నది మా ఇంట్లో తెగని పంచాయితీ. టెక్సస్ ఎండాకాలంలో మాత్రం ఒకసారి దుకాణం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే, సంచిలో, ఎవరూ నొక్కకుండానే విచ్చుకుంది. అప్పట్నుంచి జూన్, జులైల్లో చల్లసంచి లేకుండా కొనడం లేదు.

హాట్‌డాగ్ ఎంచుకోవడంలో మన ఇళ్లకి ఇంకో చిక్కు ఉంది. చికెన్ అన్న మాట పెద్దక్షరాల్లో కనబడి, పోర్క్ సంగతి పక్కన చిన్నక్షరాల్లో ఉండే ప్యాకెట్లున్నాయి. మాంసం కోడిదే అయినా పైతొడుగు బీఫ్ కొలాజెన్‌తో చేసినవీ ఉన్నాయి. మేం ఆ రెండూ తినం. అందుకని వెనకవైపు చివరిదాకా చదివి, తొడుగులేని చికెనో టర్కీనో తెస్తాం. వీటిలో కొవ్వు తక్కువున్న రకాలకి నీటి పాలు ఎక్కువ. ఓవెన్లో వేడి తగలగానే ఆ నీరు బయటికొస్తుంది. పిండి చుట్టూ బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఆవిరికి దారి ఉండదు. లోపలి పొర కాలడానికి బదులు ఆవిరికి ఉడుకుతుంది. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది.

ముందు జరిగింది చెప్తాను. వీధి చివరింటి పిల్లవాడు మావాడితో ఆడుకుంటూ భోజనానికి ఉండిపోయాడు. వాళ్లది ఇక్కడి కుటుంబమే, చిన్నప్పట్నుంచీ ఇవి తింటూ పెరిగినవాడు. అంటే పరీక్షకుడు వచ్చినట్టే లెక్క. ఆ రోజు రోల్స్ చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి. అబ్బాయి ఒకటి తీసుకుని కొరికాడు, ఆగాడు, రోల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని హాట్‌డాగ్‌ని బయటికి లాగాడు. చొక్కాలోంచి చెయ్యి వచ్చినట్టు వచ్చేసింది. ఖాళీ పిండిగొట్టాన్ని పళ్లెం అంచున మర్యాదగా పెట్టి, హాట్‌డాగ్ మాత్రం కెచప్‌లో ముంచుకుని తిన్నాడు. అది చూసి మావాడూ అలాగే చేశాడు. మా అమ్మాయి గొట్టంలోకి తొంగి చూసి, "నాన్నా, లోపలంతా పిండి పిండిగా ఉంది" అంది.

మిగిలినవాటిని మళ్లీ ఓవెన్లో పెట్టాను. అడుగు మాడింది, పై రంగు బెల్లంపాకం రంగుకి వచ్చింది, లోపల జిగురు జిగురుగానే ఉంది. పచ్చి మైదా పిల్లలకి పెట్టకూడదు కాబట్టి పళ్లెం పళ్లెమంతా చెత్తబుట్టలోకి. ఎనిమిదింటికి ఉప్మా కలిపాను. ఆ వచ్చినబ్బాయి ఉప్మా రెండోసారి వేయించుకున్నాడు, అది వేరే సంగతి.

ఆ తర్వాత డో బ్రాండు మార్చాను, ఏ తేడా లేదు. హాట్‌డాగ్‌ని పేపర్ టవల్‌తో బాగా ఒత్తి తుడిస్తే కొంత నయం. పెనం మీద కాస్త వేయించి, చల్లార్చి చుడితే ఇంకా నయం, కానీ పని పెరిగింది, పెనమొకటి తోమాలి. ఇరవై నిమిషాల వంట అని మొదలెట్టినవాడికి అది ఒప్పదు. త్రికోణాన్ని నిలువునా రెండు పట్టీలుగా కోసి, మధ్యమధ్య సందు వదులుతూ చుడితే ఆవిరికి దారి దొరుకుతుంది. హాలోవీన్ పండక్కి ఇక్కడి వాళ్లు ఈజిప్టు మమ్మీల్లా చుట్టేది ఇలాగే. బాగా పనిచేసింది. కాకపోతే అంత ఓపికగా పట్టీలు చుట్టడం పిల్లల చేత కాదు, పిల్లలే చుట్టుకుంటారన్న మాట అక్కడితో సరి.

అసలు మందు మా అత్తగారి దగ్గర దొరికింది. ఆవిడ గోదావరి జిల్లా మనిషి, ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చారు. కోడి తింటారు గానీ ఈ గులాబీ గొట్టాన్ని కోడి అని ఒప్పుకోరు. తన వాటాకి అదే డోలో బంగాళాదుంప కూర పెట్టి కర్రీ పఫ్‌లా మడిచేవారు. నా రోల్స్ లోపల జిగురుగా వస్తున్న రోజే ఆవిడవి పొడిగా, పొరలు పొరలుగా వచ్చాయి. కూరలో తడి లేదా అంటే, ఉంది. ఎలా అని అడిగితే, "కూర పల్చబడితే పుట్నాల పొడి వెయ్యమా బాబూ, ఇక్కడా అదే. పిండి మీద ముందు పొడి చల్లండి, ఆ తర్వాత మీ గొట్టం పెట్టుకోండి" అన్నారు.

త్రికోణానికి చెంచాడు పుట్నాల పొడి, వెల్లుల్లీ కారమూ వేసి కొట్టింది. వెడల్పు వైపు చల్లి, తుడిచిన హాట్‌డాగ్ పెట్టి చుట్టి, కొస అడుగుకి వచ్చేలా ట్రేలో పెట్టడం, అంతే. ఓవెన్ వేడీ మారలేదు, సమయమూ మారలేదు. కోసి చూస్తే హాట్‌డాగ్ చుట్టూ సన్నగా పసుపురంగు పొడి పొర, దాని మీద పూర్తిగా కాలిన పిండి. బయటికొచ్చిన నీటిని పొడి పీల్చేసుకుంది. రొట్టెపొడి చల్లినా ఇదే పని చేస్తుంది, నిజమే, పళ్ల పేస్ట్రీల్లో అడుగు నానకుండా ఐరోపా వాళ్లు వేసేది అదే. కానీ రొట్టెపొడికి రుచి ఏముంది? పొడి వేసిన రోల్‌ని కెచప్ లేకుండా తినొచ్చు. మా ఆవిడ షిఫ్టు నుంచి వచ్చి, చల్లారినదాన్ని నిలబడే తినేస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. హాట్‌డాగ్‌లోనే ఉప్పు దండిగా ఉంటుంది, కాబట్టి పొడిలో ఉప్పు అసలు వెయ్యొద్దు. కారం మా చిన్నవాడికి పడదు, గోళ్లతో గీకి పారేస్తాడు. వాడి కోసం ఉత్త పుట్నాలూ వెల్లుల్లీ వేరే సీసాలో కొట్టి పెట్టుకోవాల్సొచ్చింది. పల్లీల పొడి ఇంకా రుచిగా ఉంటుంది, అయితే ఎలర్జీల వల్ల చాలా బడుల్లో వేరుశనగ రానివ్వరు. మిగిలినవి మర్నాడు లంచ్‌బాక్సులోకి వెళ్లాలంటే పుట్నాలే మేలు. పొడి ఎక్కువైతే మాత్రం పిండి కొస అంటుకోదు, కాలుతుండగా విచ్చుకుంటుంది. అత్తగారు వెళ్లిపోయాక ఒకట్రెండుసార్లు నా చేతిలో అలాగే అయింది.

ఇది చదివి పఫ్ పేస్ట్రీ వాడొచ్చు కదా అనేవాళ్లుంటారు. హైదరాబాద్ బేకరీల్లో ఎగ్ పఫ్ తిన్న నోటికి క్రెసెంట్ డో ఎప్పటికీ సాటి రాదు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ పఫ్ షీట్లు గడ్డకట్టి ఉంటాయి, మెత్తబడ్డానికి బయట నలభై నిమిషాలు పెట్టాలి, ఓవెన్ 400 డిగ్రీలుండాలి. అది శనివారం వంట. అలాగే టెక్సస్‌లో చెక్ వలస కుటుంబాల నుంచి వచ్చిన సాసేజ్ బన్నుంది. ఐ-35 హైవే మీద వేకో దాటి ఉత్తరంగా వస్తుంటే వెస్ట్ అనే ఊళ్లో బండ్లన్నీ దానికోసమే ఆగుతాయి. క్లొబాస్నెక్ దాని పేరు, డోనట్ షాపుల్లో కొలాచీ అనే అమ్ముతారు. ఈస్ట్‌తో పొంగించిన మెత్తటి పిండి అది, జిగురు సమస్యే ఎరగదు. అయితే ఈస్ట్ పిండి పొంగేదాకా ఆగే వీలుంటే నేను ఈ డబ్బా జోలికి ఎందుకు వస్తాను?

ఎయిర్ ఫ్రయర్‌లో మొదటిసారి కాల్చడానికి నాకు నచ్చలేదు, పైన ఎర్రబడేసరికి అడుగు తెల్లగానే ఉంది. మిగిలినవి వేడి చెయ్యడానికి మాత్రం అంతకంటే మంచిది లేదు. మైక్రోవేవ్‌లో తోలులా సాగుతాయి.

మరి తీసుకోవచ్చా అంటే, మీ ఇల్లెలాంటిదో చూసుకోవాలి. నాలుగేళ్లలోపు పిల్లలుంటే గుండ్రటి హాట్‌డాగ్ ముక్క గొంతుకి అడ్డం పడుతుందని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఎప్పట్నుంచో హెచ్చరిస్తోంది. నిలువునా చీల్చి, చిన్న ముక్కలు చేసి పెట్టాలి. అప్పుడు ఈ రోల్‌కి అర్థమే ఉండదు. గర్భిణులు హాట్‌డాగ్‌ని పొగలు వచ్చేదాకా వేడి చేసే తినాలి. ప్రాసెస్ చేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2015లో మనుషుల్లో కేన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. అందుకే ఇంతకుముందు షిఫ్టు పడిన ప్రతి రాత్రీ చేసేది, ఇప్పుడు వారానికి ఒక్కసారికి తగ్గించాం. మిగతా రాత్రులు అదే డోలో అత్తగారి దుంపకూరో, పనీర్ పొడిమాసో పెడుతున్నాను. మేం కొనే డబ్బా మీది పట్టికలో గుడ్డూ పాలూ కనబడవు కాబట్టి శాకాహార స్నేహితులు వచ్చినా పెట్టగలుగుతున్నాం, మీరు కొనేది మీరు చదువుకోండి.

సాయంత్రం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుండి, ఫ్రిజ్‌లో చపాతీ పిండి ఉంటే, గుడ్డు పోసి చపాతీ రోల్ చేసుకోవడమే చవక, త్వరగానూ అవుతుంది. మా ఆవిడ వచ్చే నెల నుంచి పగటి షిఫ్టుకి మారే సూచనలున్నాయి. అప్పుడు నేనిది ఎంత తరచుగా కొంటానో చెప్పలేను. పుట్నాల పొడి సీసాలు రెండూ మాత్రం పొయ్యి పక్కనే ఉంటాయి, ఇడ్లీకి ఎలాగూ కావాలి.