సెయింట్ థామస్‌లో షిప్పు ఆగితే మేగెన్స్ బే

క్రూజ్‌లో కరీబియన్ దీవి సెయింట్ థామస్‌లో దిగేవాళ్లకి చాలామంది కోకీ బీచ్ చెప్తారు. చేపలు చూడాలంటే అదే సరి. మాతో ఈత రాని పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి మేగెన్స్ బే బీచ్‌కి వెళ్లాం.

బే నేల లోపలికి చొచ్చుకుని ఉండటంతో అలలు దాదాపు లేవు. కాళ్ల కింద మెత్తటి ఇసుక, లోతు మెల్లగా పెరుగుతుంది. లైఫ్‌గార్డులు, షవర్లు, టాయిలెట్లు ఉన్నాయి. ఒడ్డునే చెట్ల నీడ ఉండగా గొడుగు అద్దె దండగన్నారు అత్తయ్యగారు. నిజమే.

టాక్సీకి మనిషికింత అని తీసుకుంటారు, ఎక్కేముందే అడగండి. ఎంట్రీ టికెట్ వేరే. కొండ రోడ్డంతా మలుపులే, కడుపులో తిప్పేవాళ్లకి కష్టం. అమెరికా భూభాగమే అయినా బండ్లు ఇండియాలోలాగా ఎడమవైపు నడుస్తాయి. అమెరికాలో పెరిగిన పిల్లలు రెండో వైపు చూస్తారు, చెయ్యి వదలకండి.

ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్లు 2020 నుంచి ఇక్కడ నిషేధం. జింక్ ఆక్సైడ్‌ది తెచ్చుకోండి. శాకాహారులం కాబట్టి మేం ఫ్రెంచ్ ఫ్రైస్, బ్యాగులోని చేగోడీలతో సరిపెట్టుకున్నాం. షిప్పులు ఎక్కువ వచ్చిన రోజైతే జనం నిండకముందే, పొద్దున్నే దిగండి.